పట్టాదారు సొమ్ము – సేద్యగాని కష్టము

(మహాసభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన వార్షిక మహాసభలలో విద్యార్థి వసతి గృహములను గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు, యువకుల ఉద్యోగములను గూర్చియు ఉపన్యాసములు జరుగుట ఆచారమై యున్నది. అవి యన్నియు ఆవశ్యకములే. ఐనను వానికన్నింటికిని మూలమైన సేద్యమును గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి. మనది భూమిని నమ్ముకొని బ్రతికిన కులము. వసతి గృహములకు విరాళము లిచ్చిన చేతులు ఒక తరము క్రిందట మేడి పట్టిన చేతులే. ఆ సేద్యమునకు ప్రభుత్వములు నేడు నేరుగా నగదు సాయము చేయుచున్నవి. ఆ సొమ్ము ఎవరి చేతికి చేరుచున్నది, ఎవరి చేతికి చేరుట న్యాయము, ఈ రెంటికి నడుమ గల దూరమును తగ్గించుటకు మన సంఘము చేయగలిగిన దేమి—ఇదియే మా ప్రసంగ విషయము.

పూర్వము ప్రభుత్వ సహాయము విశేషముగా వస్తురూపమున నుండెడిది. ఎఱువుల ధరలో కొంత భాగము ప్రభుత్వము భరించుట చిరకాలముగా జరుగుచున్నది. 2004 లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయపు మోటారులకు ఉచిత విద్యుత్తు వచ్చినది. ఈ సహాయములలో లోపములు లేవని మేమనము. కాని వానికొక గుణము కలదు. యూరియా బస్తా ఎవరు కొని చేనిలో చల్లిరో వారికే ధరలోని తగ్గింపు దక్కును. మోటారు ఎవరు త్రిప్పిరో వారి పైరుకే నీరు పారును. పట్టా ఎవరి పేర నున్నదని యూరియా బస్తా అడుగదు. సొంత రైతైనను, కౌలు రైతైనను, చేనిలో దిగినవానికి ఆ సహాయము తనంత తానే అందుచుండెను.

2018 లో ఈ పద్ధతికి తోడుగా మఱియొక పద్ధతి వచ్చినది. ఆ సంవత్సరము మే 10 వ తేదీన తెలంగాణ ప్రభుత్వము హుజూరాబాదు ప్రాంతమున రైతుబంధు పథకమును ప్రారంభించి, ఎకరా ఒక్కింటికి పంటకు రూ. 4,000 చొప్పున మొదటి విడత చెక్కుల రూపమున పంచినది. 2019 లో దానిని రూ. 5,000 చేసిరి. కేంద్ర ప్రభుత్వము 2019 ఫిబ్రవరి 24 వ తేదీన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధిని ఆరంభించినది, సంవత్సరమునకు రూ. 6,000, మూడు విడతలుగా. మొదట 2 హెక్టారులలోపు భూమి గలవారికే యన్న నియమమును ఆ యేడే తొలగించి, భూమిగల రైతు కుటుంబము లన్నింటికిని విస్తరింపజేసిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 15 న మొదలైన రైతు భరోసాలో కేంద్రపు సొమ్ముతో కలిపి కుటుంబమునకు సంవత్సరమునకు రూ. 13,500 లభించెను. తరువాత ప్రభుత్వములు మాఱినవి, పేర్లు మాఱినవి, మొత్తములు పెరిగినవి. 2025 జనవరి 26 న తెలంగాణలో రైతు భరోసా పేర ఎకరాకు సంవత్సరమునకు రూ. 12,000 ప్రకటించిరి. 2025 ఆగస్టు 2 న ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ మొదలై, కేంద్రపు రూ. 6,000 తో కలిపి కుటుంబమునకు సంవత్సరమునకు రూ. 20,000 అను లెక్క ఏర్పడినది.

ఈ పథకములను నిందించుటకు మేమిక్కడ నిలువలేదు. విత్తు నాటికి చేతిలో రూక యుండుట ఎంత గొప్ప ఊఱటయో సేద్యము చేసినవారే ఎఱుగుదురు. తొలకరి పడిన మఱునాడు విత్తనముల కొఱకు షావుకారు గుమ్మము నెక్కవలసిన చిన్న రైతునకు, ఖాతాలో పడిన ఆ నాలుగు వేలు లక్షకు సమానము. సొంత రెక్కలతో సొంత చేను దున్నుకొను రైతు విషయమున ఈ సాయము సక్రమముగా చేరవలసిన చోటికే చేరినది. ఇందు సందేహము లేదు.

ఇక చిక్కెక్కడ నున్నదో వినుడు. నగదు చేనిని చూడదు, చేనిలోని మనిషిని చూడదు. పాసు పుస్తకములోని పేరును చూచును. ఆ పేరు గలవాడు ఊర నున్నను, హైదరాబాదున నున్నను, అమెరికాలో నున్నను, సొమ్ము వాని ఖాతాకే పోవును. ఆ చేనిని కౌలుకు తీసికొని, విత్తనము కొని, కూలి యిచ్చి, మందు కొట్టి, వాన కొఱకు ఆకాశము వంక చూచువాడు ఆ లెక్కలో లేడు. రైతుబంధు ఆరంభమైన నాటినుండి తెలంగాణలో కౌలుదారులకు అందులో స్థానము లేకపోయినది. 2020 లో వచ్చిన ధరణి లెక్కలలో సాగుదారు పేరు వ్రాయు గడి కూడ లేకపోయినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పథకమున భూమిలేని కౌలుదారులకు చోటు కల్పించిరి గాని, అది షెడ్యూల్డు కులములు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలకు చెందినవారికిని, దేవాదాయ భూములు సాగు చేయువారికిని పరిమితమై యుండెను. ఇతర కులములలోని నిరుపేద కౌలుదారు, మన బంధువర్గములోనివాడైనను సరే, దానికి వెలుపలనే యుండిపోయెను. ఇందుకు ఇతర కులములవారిపై అసూయ పడుట తగదు. వాని కూటిని వారు తీసికొనలేదు. వాని పేర రావలసిన సొమ్ము పట్టాదారు ఖాతాకు పోయినది. ఆ పట్టాదారు పలుచోట్ల మన సంఘ సభ్యుడే.

ఒక లెక్క వేసి చూతము. తెలంగాణలో 8 ఎకరముల పట్టాదారు పట్నమున ఉద్యోగము చేయుచు, భూమిని ఊరిలోని యొకనికి కౌలు కిచ్చినాడనుకొందము. 2019 నాటి లెక్క ప్రకారము ఎకరాకు రెండు పంటలకు కలిపి రూ. 10,000, 8 ఎకరములకు రూ. 80,000. కౌలు సొమ్ము గాక ఇది వేఱు. భూమి యెంత యెక్కువైన సాయ మంత యెక్కువ. దానికి పరిమితి లేకుండెను. అదే చేనిని దున్నినవాడు పెట్టుబడి కొఱకు లక్ష రూపాయలు అప్పు తెచ్చెననుకొందము. బ్యాంకులో పంట రుణము దొరకినచో నూటికి 7 చొప్పున ఆఱు నెలలకు వడ్డీ రూ. 3,500. బ్యాంకు వానిని గుర్తింపదు గనుక రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకొనవలెను. ఆఱు నెలలకు రూ. 12,000. మూడు రూపాయల వడ్డీయైనచో రూ. 18,000. సేద్యము చేయనివానికి పెట్టుబడి సాయము, చేయువానికి షావుకారు వడ్డీ! దీనిని న్యాయమని మన పెద్దలెవ్వరును అనజాలరు.

సొమ్ముకంటె గొప్ప విషయము ప్రాణము. తెలంగాణలో 2018 ఆగస్టు నుండి రైతుబీమా నడచినది. 18 నుండి 59 సంవత్సరముల వయసుగల పట్టాదారు ఏ కారణముచే మరణించినను ఆతని కుటుంబమునకు రూ. 5 లక్షలు అందునట్లు ఏర్పాటు చేసిరి. మంచి యేర్పాటు. అనేక కుటుంబములను నిలిపినది. కాని గట్టు కీవల పట్టాదారు, గట్టు కావల కౌలుదారు ఒకే యేడు గతించినచో, ఒక యింటికి 5 లక్షలు, రెండవ యింటికి అప్పుల పత్రములు మాత్రమే మిగిలినవి. ఇద్దరు చిందించిన చెమటలో భేదమేమియు లేదు. పుస్తకములోని పేరులోనే భేదము.

ఇందుకు పట్టాదారులు చెప్పు సమాధానము లేవో మే మెఱుగుదుము. వానిని తేలికగా త్రోసివేయరాదు.

మొదటిది: భూమి పోవునను వెఱపు. ఇది నిరాధారముగా పుట్టినది కాదు. 1950 లో హైదరాబాదు రాజ్యమున వచ్చిన కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు గట్టి హక్కులిచ్చినది. 1956 లో ఆంధ్ర ప్రాంతమునకు మఱియొక కౌలుదారీ చట్టము వచ్చినది. కౌలుదారును కాపాడవలెనని పుట్టిన ఈ చట్టముల ఫలితముగా భూమిగలవారు కాగితమునకే వెఱచి, నోటిమాట కౌలుకు అలవాటు పడిరి. నోటిమాట కౌలులో కౌలుదారు ఎవరికిని కనబడడు. అడంగలులోను లేడు, పహాణీలోను లేడు, బ్యాంకులోను లేడు. ఈ చిక్కును విడదీయుటకే 2011 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూ అధీకృత సాగుదారుల చట్టము తెచ్చి, కౌలుదారులకు రుణ అర్హత కార్డు లిచ్చిరి. 2019 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పంట సాగుదారుల హక్కుల చట్టము చేసినది. దీని ప్రకార మిచ్చు పత్రము 11 నెలలకు మాత్రమే చెల్లును. అది పంటపై హక్కు నిచ్చునే గాని భూమిపై ఏ హక్కును ఈయదు. తాత నాటి వెఱపును మనుమడు మోయవలసిన పని లేదు. ఆ పత్రమునకు కావలసినది పట్టాదారు సంతకము. అదియే దొరకక, అర్హులైన కౌలుదారు లనేకులు దానికి నోచుకొనలేదు. మన సంఘము చేయగల పని సరిగా నిక్కడనే యున్నది.

రెండవ సమాధానము: సంతకము చేసినచో ఆ భూమిపై తమకు పంట రుణము దొరకదని. నిజమే, ఒకే భూమిపై ఒకే పంటకు ఇద్దరికి రుణ మీయరు. కాని పంట వేయనివానికి పంట రుణ మెందులకు? తక్కువ వడ్డీకి ఆ రుణము తీసి, పట్నములో వేఱొక పనికి వాడుకొనుట చట్టము ఉద్దేశించిన పని కాదు. సొంతముగా దున్నుకొనువారి రుణమునకు ఈ సంతకము అడ్డురాదు.

మూడవ సమాధానము: భూమి నాది, సొమ్ము నాదని. తెలంగాణ పథకమునకు ప్రభుత్వ ముత్తర్వులలో పెట్టిన పేరే వ్యవసాయ పెట్టుబడి సాయము. పెట్టుబడి యెవరు పెట్టుచున్నారు? భూమికి ప్రతిఫలము కౌలు. అది పట్టాదారునకు ముందే ముట్టుచున్నది. పెట్టుబడికి ప్రతిఫలము వేఱు. రెండును ఒకే చేతిలో పడినచో ఆ పేరునకే అర్థము లేదు.

నాల్గవది: కౌలులో తగ్గించి యిచ్చుచున్నామని. అట్లు చేయువారు ధన్యులు. ఆ తగ్గింపును కాగితముపై వ్రాసి యిచ్చినచో మఱింత ధన్యులు. వ్రాయని తగ్గింపు ఒక యేడు జ్ఞాపక ముండి, మఱుయేడు మఱపునకు వచ్చును.

సంతకము వలన కౌలుదారునకు కలుగు లాభము సాయపు సొమ్ముతోనే ముగియదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదులో సాగుదారు పేరెక్కినచో, తుపానుకు పైరు పడిపోయినప్పుడు వచ్చు నష్ట పరిహారము వాని పేర వచ్చును. పంట బీమాకు వాడు అర్హుడగును. ధాన్యము అమ్మిన సొమ్ము వాని ఖాతాలో పడును. పేరెక్కనిచో, వాడు పండించిన ధాన్యపు సొమ్ము మఱియొకరి ఖాతాలో పడి, దాని కొఱకు వాడు పట్నము వచ్చి తలుపు తట్టవలసిన సందర్భములు కలవు. తన పంట సొమ్ము తా నడుగుకొనుటకు చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చుట సేద్యగానికి తీరని అవమానము.

కేంద్రపు సొమ్మును గూర్చి మఱియొక మాట చెప్పక తప్పదు. ఆదాయపు పన్ను చెల్లించువారు, చిన్న తరగతివారు తప్ప తక్కిన ప్రభుత్వోద్యోగులు, నెలకు రూ. 10,000 లేక అంతకు మించిన పింఛను పొందువారు, వృత్తి చేయుచున్న వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు మొదలగువారు దానికి అనర్హులని నియమము. అనర్హులు తీసికొన్న సొమ్మును ప్రభుత్వము తిరిగి వసూలు చేయుచున్నది. నోటీసు వచ్చినవరకు ఆగుట మన కుల గౌరవమునకు తగదు. అట్టివారు మనలో నున్నచో తమంత తామే వదలుకొనుట మర్యాద.

మఱియొక వైపు, అర్హులై యుండియు సొమ్ము అందనివారు పల్లెలలో కలరు. తండ్రి గతించినను పట్టా ఆయన పేరనే యుండిపోవుట, ఆధారుకును బ్యాంకు ఖాతాకును పేరు పొసగకపోవుట, ఈ-కెవైసీ పూర్తి కాకపోవుట—ఇట్టి చిన్న కొఱతలవలన సొమ్ము ఆగిపోవుచున్నది. ముఖ్యముగా భర్తను కోల్పోయిన స్త్రీలు వారసత్వపు మార్పు కాక, భూమి యుండియు లేనివారై యుందురు. వీరు కార్యాలయముల చుట్టు తిరుగలేరు. మన చదువుకొన్న యువకులు తిరుగగలరు. మన విద్యార్థి నిధితో చదివిన యువకుడు సెలవులకు ఊరికి పోయినప్పుడు, ఇట్టి రెండిండ్ల పని చక్కబెట్టినచో ఆ నిధి ఋణము తీరినట్లే యగును.

కావున ఈ మహాసభవారికి మా మనవులు నాలుగు. మొదటిది: భూమి కౌలుకిచ్చిన సభ్యులందరు తమ కౌలుదారు పత్రములపై స్వయముగా సంతకము చేయుదురని తీర్మానింపవలెను. చట్టము ఱేపు మాఱి సంతకముతో పనిలేదన్నను, మన మనస్సమ్మతి లేక ఊళ్లో ఆ చట్టము నడవదు. రెండవది: ప్రభుత్వ సాయము పట్టాదారు ఖాతాలో పడిన చోట, దానిని కౌలుదారునకు ముట్టజెప్పుటయో, కౌలులో అంతమేర తగ్గించుటయో చేసి, ఒక తెల్ల కాగితముపై వ్రాసికొనవలెను. మూడవది: ప్రతి మండలములోని మన శాఖవారు సార్వా నాట్లకు ముందు, తెలంగాణలో వానకాలపు విత్తుకు ముందు, ఒక దినము నిర్ణయించి, పట్టాదారులను కౌలుదారులను ఒకచోట కూర్చుండబెట్టి ఈ పని ముగింపవలెను. కౌలుదారు మన కులమువాడా కాడా యని ఆ దినమున చూడరాదు. మన పొలము దున్నువాడు మనవాడే. నాల్గవది: దూరదేశములందున్న సభ్యులు ఊరిలోని తమ సోదరునకో, నమ్మకమైన బంధువునకో తమ పక్షమున సంతకము చేయు అధికారము వ్రాతపూర్వకముగా నియ్యవలెను. దూరము నెపముగా చెప్పుట ఇకమీదట చెల్లదు.

ఇది త్యాగమని మేము చెప్పబోము. భూమి మీదే, కౌలు మీదే. అడుగుచున్నది మీ భూమిని కాదు. పంట కొఱకు వచ్చిన సొమ్ము పంట పెట్టినవానికి చేరనిండని మాత్రమే. కౌలు రైతు చితికి ఊరు విడిచినచో, ఆ భూమిని మఱునాడు దున్నువా రెవరు? మన పిల్లలు తిరిగివచ్చి దున్నుదురా? ఏఱు దాటి తెప్ప తగులబెట్టిన రీతిని, సేద్యముచే పైకి వచ్చి సేద్యగానిని మఱచినచో, కొన్ని యేండ్లకు బీడు భూములకు పట్టాదారులమై మిగులుదుము.

గోరంత దీపము కొండంత వెలుగన్నారు. ఒక సంతకము గోరంత పని. అది లేక ఒక కుటుంబము చీకటిలో నున్నది. ఈ సభ ముగిసి మీరు ఊళ్లకు చేరినంతనే, మీ పొలము దున్నువాని యింటికి మీరే పోయి ఆ కాగిత మడుగుడు. వాడు మీ గుమ్మమునకు వచ్చువరకు ఆగకుడు. మీ మేలు వాని పంటలోను, వాని మేలు మీ మనస్సులోను నున్నవి.

 సర్వేశ్వరుడు మన పొలములకు సకాల వర్షమును, మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.